ఒట్టికాళ్ళ పరుగు వెనక కథ

1960 సెప్టెంబరు 10. రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్. సాయంత్రం పూట మొదలైన ఆ పరుగులో ఒకతను కాళ్ళకి ఏమీ లేకుండా వచ్చి నిలబడ్డాడు. పేరు అబెబె బికిలా. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. అతనెవరో బయటి ప్రపంచంలో అప్పటికి దాదాపు ఎవరికీ తెలియదు. పోటీ కోసం తీసుకున్న కొత్త బూట్లు పాదాలకి సరిపోక బొబ్బలెక్కించాయి. సాధనలో చెప్పుల్లేకుండా పరుగెత్తడం ఎలాగూ అలవాటే కాబట్టి, బూట్లు పక్కన పెట్టేసి బయల్దేరాడు.

ఆ దారి మామూలు దారి కాదు. కొంత తారురోడ్డు, కొంత రెండు వేల ఏళ్ళకి పైబడిన ఆపియా బాట. రోమన్ల కాలంలో బండరాళ్ళు పరిచి కట్టిన ఎగుడుదిగుడు దారి అది. పరుగు సగంలో ఉండగానే చీకటి పడింది. దారి పక్కన సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వెలుగులో బికిలా 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తిచేశాడు. అప్పటిదాకా అంత తక్కువ సమయంలో మారథాన్ పరుగెత్తినవాళ్ళు ప్రపంచంలోనే లేరు.

ఇంకో సంగతి కూడా ఉంది. 1935లో ముస్సోలినీ సైన్యం ఇథియోపియా మీద దండెత్తింది. అక్సుమ్ అనే ఊళ్ళో ఉన్న పురాతన శిలాస్తంభాన్ని 1937లో రోమ్‌కి తరలించుకుపోయింది. మారథాన్ దారి చివర్లో ఆ స్తంభం పక్కనుంచే వెళుతుంది. బికిలా సరిగ్గా అక్కడే వేగం పెంచి, అంతసేపూ పక్కపక్కనే వస్తున్న మొరాకో ఆటగాణ్ణి వెనక వదిలేశాడు. స్తంభం మాత్రం తన దేశానికి తిరిగి వెళ్ళడానికి 2005 దాకా పట్టింది.

ఈ కథ చెప్పేటప్పుడు కొందరు "చెప్పులు లేకపోయినా గెలిచాడు" అంటారు. ఇంకొందరు "చెప్పులు లేవు కాబట్టే గెలిచాడు" అంటారు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, మొదటి మాటలో చెప్పులు లేకపోవడం ఒక లోటు, రెండో మాటలో అదే ఒక భాగ్యం. ఈమధ్య మన ఊళ్ళలో కూడా "బేర్‌ఫుట్ రన్" అన్న మాట వినిపిస్తోంది కదా. గడ్డి మీద, ఇసుకలో, బురదలో, గులకరాళ్ళ మీద ఒట్టికాళ్ళతో సరదాగా పరుగెత్తడం. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా కాలనీ ఆడవాళ్ళం కూడా ఒకటి పెట్టుకున్నాం. దాని సంగతి చివర్లో చెబుతాను. దానికోసం అదీ ఇదీ చదువుతున్నప్పుడు నాకు తెలిసిన ఒట్టికాళ్ళ చరిత్ర ముందు చెప్పాలి. ఎందుకంటే సరదాకి చెప్పులు విప్పాలంటే, ముందు విప్పడానికి చెప్పులు ఉండాలి.

వంటింట్లోంచి వచ్చిన బూటు

మెత్తటి అడుగుతో, ఎత్తు మడమతో ఇప్పుడు మనం చూస్తున్న పరుగు బూట్లకి పెద్ద వయసేమీ లేదు. అవి జనంలోకి వచ్చింది 1970లలోనే. ఈ కథలో ఒక వంటిల్లు ఉంది, అందుకే నాకిది ఇష్టం.

బిల్ బావర్‌మన్ అని అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగు నేర్పే శిక్షకుడు ఉండేవాడు. నైకీ కంపెనీ స్థాపించిన ఇద్దరిలో ఒకడు. నేలని గట్టిగా పట్టుకునేలా, అయినా తేలిగ్గా ఉండేలా బూటు అడుగు ఎలా చెయ్యాలా అని అతనికి ఒకటే ఆలోచన. 1970ల మొదట్లో ఒకరోజు భార్య బార్బరా వాఫుల్స్ పోసే పెనం మీద కన్ను పడింది. వాఫుల్ అంటే గళ్ళుగళ్ళుగా ఉండే అట్టు. ఆ గళ్ళు చూడగానే ఉపాయం తట్టింది. ఆమె లేని సమయం చూసి, రబ్బరులా గట్టిపడే ద్రవాన్ని ఆ పెనంలో పోశాడు. పెనానికి ఏమీ రాయకుండా పోస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మూత అతుక్కుపోయింది, పెనం పోయింది. ఉపాయం మాత్రం నిలిచింది. 1974లో ఆ గళ్ళ అడుగుతో వచ్చిన బూట్లు కంపెనీకి పెద్ద పేరు తెచ్చాయి. పాడైన పెనం చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళ పెరట్లో పాతిపెట్టిన చెత్తలో దొరికితే, తీసి భద్రంగా దాచుకున్నారు. బార్బరా ఆరోజు టిఫిన్ దేంతో చేసిందో ఎవరూ రాసి పెట్టినట్టు లేదు.

బూట్లు మెత్తబడ్డాక మనుషులు పరుగెత్తే తీరే మారింది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 2010లో దీనిమీద ఒక పరిశోధన అచ్చువేశారు. బూట్లు వేసుకున్నవాళ్ళు ఎక్కువగా మడమని ముందు నేలకి తాకిస్తారు. ఒట్టికాళ్ళతో పరుగెత్తే అలవాటు ఉన్నవాళ్ళు పాదం ముందుభాగాన్నో మధ్యభాగాన్నో ముందు ఆనిస్తారు. అలా ఆనినప్పుడు నేల నుంచి కాలికి తగిలే దెబ్బ తక్కువగా ఉంటుంది. ఇంట్లో ఒకసారి చెప్పుల్లేకుండా గచ్చు మీద నాలుగడుగులు పరుగెత్తి చూడండి, మడమ దానంతటదే వెనక్కి తగ్గుతుంది.

2019లో వచ్చిన మరో పరిశోధన నాకు ఇంకా నచ్చింది. చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళ అరికాళ్ళు కాయకట్టి మందంగా ఉంటాయి కదా, మరి వాళ్ళకి నేల స్పర్శ తెలియదా అని కెన్యాలో పరీక్షించి చూశారు. చర్మం ఎంత మందమైనా స్పర్శ తగ్గలేదట. పొలంలో దిగే మన ఆడవాళ్ళని అడిగితే ఈ మాట ఎప్పుడో చెప్పేవారు. బురదలో కాలు పెట్టగానే అడుగున ఉన్నది రాయో, వేరో, పీతో వాళ్ళకి తెలిసిపోతుంది.

కొండలోయలో మొక్కజొన్నల పందెం

మెక్సికోలో చివావా రాష్ట్రంలో కాపర్ కాన్యన్ అని లోతైన కొండలోయలు ఉన్నాయి. అక్కడ ఉండే ఆదివాసులు రరామురీలు. బయటివాళ్ళు తరాహుమారా అంటారు. కొండల మీద దూరదూరంగా ఇళ్ళు, మధ్యలో రోడ్లు లేవు. పక్కింటికి వెళ్ళాలన్నా కొండ దిగి ఎక్కాలి. అందుకే పరుగు వాళ్ళకి వ్యాయామం కాదు, బతుకులో ఒక భాగం. వాళ్ళ పండగల్లో మగవాళ్ళు చెక్కబంతిని కాలితో తన్నుకుంటూ గంటల తరబడి పరుగెత్తుతారు. ఆడవాళ్ళకి వేరే పందెం ఉంది. చేతిలో కర్ర పట్టుకుని, దాంతో ఒక చిన్న వలయాన్ని ముందుకి విసురుకుంటూ, దాని వెంట పరుగెడతారు. పెద్ద పెద్ద కుచ్చుల లంగాల్లోనే.

మైకా ట్రూ అనే అమెరికన్ ఒకాయన ఈ లోయల్లో స్థిరపడి, రరామురీల పరుగు సంప్రదాయం నిలవాలని ఒక పందెం మొదలుపెట్టాడు. 2006లో ఉరికే అనే ఊళ్ళో జరిగిన పందానికి అమెరికా నుంచి పేరున్న పరుగువీరులు కొందరు వచ్చారు. డెబ్భై కిలోమీటర్లకి పైగా దూరం. ఏటి ఒడ్డు, రాళ్ళ గుట్టలు, దుమ్ము దారి, నిట్టనిలువు ఎక్కుడు. అమెరికాలో పెద్ద పెద్ద పందాలు గెలిచిన స్కాట్ జ్యూరెక్ రెండోవాడుగా వచ్చాడు. గెలిచింది ఆర్నుల్ఫో కిమారే అనే రరామురీ. కాళ్ళకి పాత టైరు ముక్కతో చేసుకున్న చెప్పులు. పరుగు పూర్తిచేసిన స్థానికులకి మొక్కజొన్నలు ఇచ్చే పద్ధతి ఆ పందెంలో ఉంది. కరువు నేలలో పతకం కన్నా అదే విలువైనది.

ఆ పందెం గురించి క్రిస్టఫర్ మెక్‌డౌగల్ 2009లో ఒక పుస్తకం రాశాడు. అది లక్షల మంది చదివారు. ఆ తర్వాతే పాశ్చాత్య దేశాల్లో బూట్లు విప్పి పరుగెత్తే ఊపు వచ్చింది. ఆ ఊపులో ఐదు వేళ్ళూ విడివిడిగా ఉండే పల్చటి తొడుగులు విపరీతంగా అమ్ముడుపోయాయి. తొందరపడి ఒక్కసారిగా మారినవాళ్ళు కొందరు పాదాల ఎముకలు దెబ్బతిని మంచమెక్కారు. ఆ తొడుగుల వల్ల ఆరోగ్యం బాగుపడుతుందని రుజువు లేకుండా ప్రచారం చేశారని కోర్టుకి ఎక్కితే, తయారుచేసే విబ్రమ్ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 2014లో 37 లక్షల 50 వేల డాలర్లకి రాజీ చేసుకుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రరామురీలు ఒట్టికాళ్ళతో పరుగెత్తలేదు. టైరు చెప్పులు వేసుకున్నారు. రాళ్ళ మీద బతికేవాళ్ళకి కాళ్ళ విలువ తెలుసు. దొరికిన దాంతోనే వాటిని కాపాడుకున్నారు. 2017లో లొరేనా రమీరెజ్ అనే 22 ఏళ్ళ రరామురీ అమ్మాయి పువేబ్లా రాష్ట్రంలో 50 కిలోమీటర్ల కొండ పరుగు గెలిచింది. ఒంటి మీద వాళ్ళ లంగా, కాళ్ళకి అవే టైరు చెప్పులు. మేకలు, పశువులు కాసుకునే ఇంటి పిల్ల. ప్రపంచం ఆ ఫొటోలు చూసి ముచ్చటపడింది. ముచ్చటే. కానీ ఆ చెప్పులు ఆమెకి వేషం కాదు, రోజూ వేసుకునేవే.

1984, ఆడపిల్లల వంతు

బికిలా రోమ్‌లో 42 కిలోమీటర్లు పరుగెత్తిన ఆ 1960 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి అన్నిటికన్నా పొడుగు పరుగు ఎంతో తెలుసా? 800 మీటర్లు. అది కూడా 1928 తర్వాత ఆపేసి, మళ్ళీ అప్పుడే పెట్టారు. అంతకన్నా దూరం పరుగెత్తితే ఆడవాళ్ళ ఒళ్ళు తట్టుకోదని నమ్మకం. నెత్తిన బిందె, చంకలో బిడ్డతో మైళ్ళు నడిచే ఆడవాళ్ళని ఆ పెద్దమనుషులు ఎప్పుడూ చూసి ఉండరు. ఆడవాళ్ళకి మారథాన్ 1984 లాస్ ఏంజెలిస్‌లో గానీ రాలేదు. మన పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న ఒలింపిక్స్ అవే.

అక్కడే 3000 మీటర్ల పరుగు కూడా ఆడవాళ్ళకి మొదటిసారి పెట్టారు. ఆ పరుగులో జోలా బడ్ అనే 18 ఏళ్ళ అమ్మాయి చెప్పుల్లేకుండా దిగింది. దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్లమ్మాయి. వర్ణవివక్ష కారణంగా ఆ దేశాన్ని ఒలింపిక్స్‌కి రానివ్వడం లేదు. తాత ఇంగ్లాండువాడు కాబట్టి హడావిడిగా బ్రిటన్ పౌరసత్వం తెచ్చుకుని ఆ జట్టులో వచ్చింది. ఇంట్లో తన మంచం దగ్గర గోడకి అమెరికన్ తార మేరీ డెకర్ బొమ్మ అతికించుకున్న పిల్ల. పరుగు సగం దాటాక ఇద్దరి కాళ్ళూ తగిలాయి. మేరీ కిందపడి లేవలేకపోయింది. జోలా కాలికి గాయమైంది. స్టేడియం అంతా ఆమెని ఎగతాళి చేస్తూ అరిచింది. ముందున్న పిల్ల నెమ్మదించి ఏడో స్థానంలో వచ్చింది. ఆ తర్వాతి రెండేళ్ళూ, గడ్డి నేలల్లో బురద దారుల్లో సాగే ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీ ఆమే గెలిచింది.

జోలాకి ఒట్టికాళ్ళ పరుగు చిన్నప్పటి స్వేచ్ఛ. ఆఫ్రికాలోనే ఇంకో అమ్మాయి ఉంది, కెన్యాకి చెందిన తెగ్లా లొరూపె. ఆమె చిన్నప్పుడు రోజూ పది కిలోమీటర్లు ఒట్టికాళ్ళతో బడికి పరుగెత్తేది. ఆలస్యమైతే దెబ్బలు పడతాయని పరుగు. ఆడపిల్లకి పరుగేమిటని తండ్రి ఒప్పుకోలేదు. 1994లో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. ఆఫ్రికా నుంచి ఆ పరుగు గెలిచిన మొదటి స్త్రీ ఆమే. ఇద్దరివీ చెప్పుల్లేని పాదాలే. ఒకరికి అది ఇష్టం, ఇంకొకరికి గత్యంతరం లేనితనం.

కాలి కింద ఉన్న జబ్బు

ఒట్టికాళ్ళని మరీ పొగిడేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. వందేళ్ళ కిందట అమెరికా దక్షిణాదిన చాలామంది బీద రైతు కుటుంబాల పిల్లలకి చెప్పులుండేవి కావు. మరుగుదొడ్లూ ఉండేవి కావు. ఆ నేలలో ఉండే కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మం గుండా లోపలికి పోయి, పేగుల్లో చేరి, రక్తం పీలుస్తాయి. మనిషి పాలిపోతాడు, నీరసపడతాడు, పిల్లలు చదువులో వెనకబడతారు. పత్రికలు దానికి బద్ధకపు క్రిమి అని పేరు కూడా పెట్టాయి. నిజానికి అది బద్ధకం కాదు, రక్తహీనత. 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లు ఇచ్చి దాన్ని పోగొట్టడానికి ఒక సంస్థ పెట్టించాడు. మందులు ఇవ్వడంతో పాటు మరుగుదొడ్లు కట్టుకోమని, చెప్పులు వేసుకోమని ఊరూరా తిరిగి చెప్పారు.

ఇది దూరపు కథ కాదు. మన బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ ఏటా నులిపురుగుల మందు బిళ్ళ ఇస్తారు చూడండి, అందులో ఈ పురుగు కూడా లెక్కే. గర్భిణులకి రక్తం తక్కువగా ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బికిలా పుట్టిన ఇథియోపియాలోనైతే ఇంకో బాధ. అక్కడి అగ్నిపర్వతాల ఎర్రమట్టిలో ఏళ్ళ తరబడి ఒట్టికాళ్ళతో పనిచేసే రైతులకి పాదాలు బోదకాలులా వాచిపోతాయి. దాన్ని రాకుండా ఆపే మందు ఏమిటంటే చెప్పులు, సబ్బుతో కాళ్ళు కడుక్కోవడం. అంతే. పాదరక్ష అన్న మాట మన పెద్దలు ఊరికే పెట్టలేదు.

మన వీధుల్లో

మన దగ్గర చెప్పులు లేకపోవడానికి బీదతనం ఒక్కటే కారణం కాదు. తెలుగు ఊళ్ళలో చాలాచోట్ల దళితులు పెద్దకులాల వీధిలోంచి వెళ్ళాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాల్సి వచ్చేది. తోలు శుభ్రం చేసి, కొలత తీసి, కిర్రుచెప్పులు కుట్టి ఇచ్చిన చేతులవాళ్ళే ఆ వీధిలో వాటిని తొడుక్కోకూడదు. ఇది పురాణకాలం నాటి మాట కాదు, మన తాతల కాలం దాటి కూడా నడిచింది. ఇక ఆడవాళ్ళు. మామగారి ముందు, ఇంటి పెద్దల ముందు కోడలు చెప్పులతో నడవకూడదు అన్న ఇళ్ళు ఎన్నో. మా అమ్మది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. పదో తరగతి పరీక్షలకి టౌనుకి వెళ్ళేటప్పుడు గానీ ఆమెకి చెప్పులు కొనలేదట. అదివరకు ఎండాకాలం మోదుగాకులు కాళ్ళకి కట్టుకుని వెళ్ళేవాళ్ళమని చెబుతుంది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావని మనం విసుక్కుంటాం గానీ, ఆ మాట వెనక ఉన్న నేల వేడి ఎంతో ఆ తరం వాళ్ళకే తెలుసు.

మన దేశంలో ఒట్టికాళ్ళ పరుగు అంటే శివనాథ్ సింగ్‌ని తలుచుకోవాలి. బీహార్‌లో పుట్టి సైన్యంలో చేరినవాడు. చాలా పోటీల్లో చెప్పుల్లేకుండానే పరుగెత్తేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకి మారథాన్ పూర్తిచేస్తే, ఆ జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలు దాటినా చెక్కు చెదరలేదు. బికిలా రోమ్‌లో తీసుకున్న సమయం కన్నా అది తక్కువ.

ఇప్పుడు ఇద్దరు మరాఠీ అమ్మలని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు ఉషా సోమన్, నటుడు మిలింద్ సోమన్ తల్లి. 2016లో కొడుకు దూరపు పరుగు చేస్తుంటే, డెబ్భై ఏళ్ళు దాటిన ఆవిడ చీరలోనే, ఒట్టికాళ్ళతో అతని పక్కన పరుగెత్తారు. ఆ వీడియో మనందరి ఫోన్లలోకీ వచ్చింది. రెండోవారు లతా భగవాన్ కరే. బారామతి దగ్గర కూలిపని చేసుకునే ఆవిడ. భర్తకి వైద్య పరీక్షలు చేయించడానికి డబ్బు లేదు. ఊళ్ళో మారథాన్‌కి బహుమతి ఇస్తారని విని, అరవై దాటిన వయసులో తొమ్మిది గజాల చీర కచ్చా కట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో పెద్దల విభాగంలో పరుగెత్తి గెలిచారు. ఆమె కథని సినిమాగా తీసింది మన తెలుగు దర్శకుడే, నవీన్ దేశబోయిన. అందులో తన పాత్ర తనే వేసిన లతమ్మకి 67వ జాతీయ సినిమా అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస దక్కింది.

ఇద్దరిదీ చీరే, ఇద్దరివీ ఒట్టికాళ్ళే, ఇద్దరూ గౌరవించదగ్గవాళ్ళే. కానీ పరుగు అయ్యాక ఉషగారు ఇష్టమైతే బూట్లు వేసుకోవచ్చు. లతమ్మ పరుగెత్తిన రోజు బహుమతి రాకపోతే ఆస్పత్రి దారి మూసుకుపోయేది. ఈ తేడా మర్చిపోతే ఇద్దరినీ అర్థం చేసుకోనట్టే.

ఈ రెండూ కాని మూడో నడక కూడా మనకి ఉంది. మా విశాఖలో ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరిప్రదక్షిణ జరుగుతుంది. 32 కిలోమీటర్లు. జనం లక్షల్లో, చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. తారురోడ్డు, కంకర, సముద్రపు ఒడ్డు, ఎక్కుడూ దిగుడూ అన్నీ తగులుతాయి. ఎవరూ గడియారం చూసుకోరు. ముందు వచ్చినవాళ్ళకి బహుమతి లేదు. వీధి పొడవునా ముక్కూమొహం తెలియనివాళ్ళు మజ్జిగా నీళ్ళూ ఇస్తారు. సరదా పరుగు పెట్టాలనుకునేవాళ్ళు నేర్చుకోవాల్సిన మర్యాద అంతా అందులో ఉంది.

మా కాలనీ పరుగు

ఇక మా సంగతి. ఆరువందల మీటర్ల దారి గీసుకున్నాం. పార్కులో గరిక, ఇల్లు కట్టేవాళ్ళు వదిలేసిన ఇసుక, గులకరాళ్ళ బాట, ట్యాంకు పక్కన నీళ్ళు పోసి చేసిన బురద, ఆఖర్న సిమెంటు రోడ్డు. ముందురోజు సాయంత్రం పదిమందిమి చీపుళ్ళతో దారంతా ఊడ్చాం. పల్లేరుకాయలు, గాజుపెంకులు ఏరాం. పాత స్పీకరులోని అయస్కాంతానికి తాడు కట్టి ఇసుకలో ఈడిస్తే గుప్పెడు మేకులు వచ్చాయి. పొద్దున్న ఆరున్నరకే పెట్టుకున్నాం, ఎండెక్కితే సిమెంటు కాలుతుందని.

పెట్టుకున్న నియమాలు కొన్నే. షుగరున్నవాళ్ళు చెప్పులు విప్పకూడదు, ఎందుకంటే అరికాలికి గుచ్చుకున్నా వాళ్ళకి తెలియకపోవచ్చు, పుండు పడితే మానదు. కాలికి పగుళ్ళూ పుళ్ళూ ఉన్నవాళ్ళు కూడా అంతే. చెప్పులతో వచ్చినవాళ్ళని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. నడిచినా సరే, పరుగెత్తినా సరే, మధ్యలో కూర్చున్నా సరే. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు అన్న సామెతని బోర్డు మీద రాసి పెట్టింది మా పక్కింటి వదిన. అందరి చెప్పులూ బుట్టల్లో వేసి ముందే గమ్యం దగ్గరికి చేర్చాం. అక్కడ వేణ్ణీళ్ళ తొట్టె, తువ్వాళ్ళు, పసుపు. ఒకరి అరికాలు ఒకరు చూసి, ముల్లుంటే తీసి, అప్పుడు చెప్పులు తొడగాలి. బూట్లలో మెట్టెలు ఒరుసుకుని ఎప్పుడూ అవస్థపడేవాళ్ళం, ఆ రోజు ఆ బాధ లేక హాయిగా ఉంది.

ఈ ఏర్పాట్లు జరుగుతున్నప్పుడే మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయిని, "నీ కూతుర్ని కూడా తీసుకురా, పిల్లలందరూ చెప్పుల్లేకుండా పరుగెడతారు" అన్నాను. ఆమె గిన్నెలు తోముతూనే, "మీ పిల్లలు చెప్పులు విప్పితే ఆటండీ అమ్మగారూ. మా పాప బూట్లు లేకుండా వెళితే బడిలో బయట నిలబెట్టేస్తారు" అంది. కోపంగా అనలేదు, ఉన్న మాట అంది. నేను ఇన్ని పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

ఆ సాయంత్రమే కాలనీ ఆడవాళ్ళం కూర్చుని మాట్లాడుకున్నాం. పరుగుకి రుసుము పెట్టాం, ఇంటికొక జత బడి బూట్ల ఖరీదు. అయితే బూట్లు కొని తెచ్చి పంచలేదు. పాతవీ కొత్తవీ ఏవో ఒకటి ఇచ్చేస్తే, కాలికి పట్టక మూలపడతాయి. బికిలా అంతటివాడికే కాలికి పట్టని బూట్లు పనికిరాలేదు కదా. అందుకే మా వీధి చివర చెప్పులు కుట్టే తాతని పరుగు రోజున పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పనివాళ్ళ పిల్లలు, వాచ్‌మన్ పిల్లలు, పక్కన ఇళ్ళు కడుతున్న కూలీల పిల్లలు, పద్నాలుగు మంది వచ్చారు. బురదలోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక్కొక్కరూ కాగితం మీద పాదం పెడితే ఆయన పెన్సిలుతో చుట్టూ గీసి, పెరిగే కాలు అని వేలెడు ఎక్కువ రాసుకున్నాడు. వారంలో ఎవరి కొలతకి వాళ్ళకి బూట్లు వచ్చాయి. మా అమ్మ ఆ గీతలన్నీ చూస్తూ, "నా చిన్నప్పుడు నా కాలు ఎవరూ ఇలా గీయలేదే" అంది నవ్వుతూ. డెబ్భై రెండేళ్ళావిడ. తాత ఆవిడ పాదం కూడా గీసుకున్నాడు.

పరుగులో ఎవరు ముందొచ్చారో నాకు గుర్తులేదు. పని అమ్మాయి కూతురు మాత్రం ఇసుకలో మా అబ్బాయిని దాటేసింది. అది గుర్తుంది.

బికిలా కథలో చాలామంది వదిలేసే ముక్క ఒకటి చెప్పి ముగిస్తాను. నాలుగేళ్ళ తర్వాత 1964లో టోక్యో ఒలింపిక్స్. అప్పటికి అతనికి అపెండిసైటిస్ ఆపరేషను జరిగి కొన్ని వారాలే. మళ్ళీ మారథాన్ గెలిచాడు, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో. రోమ్ కన్నా మూడు నిమిషాలు ముందు. ఈసారి కాళ్ళకి బూట్లున్నాయి, అవి సరిగ్గా పట్టాయి. ఒట్టికాళ్ళతో గెలిచిన ఫొటోయే గోడల మీదకి ఎక్కింది గానీ, బూట్లు వేసుకుని ఇంకా వేగంగా పరుగెత్తినవాడూ అతనే.

మీ వీధిలో కూడా ఇలాంటి పరుగు పెట్టుకోండి. గడ్డి మీద, బురదలో కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోండి, చాలా బాగుంటుంది. దారి ఊడవడం మర్చిపోకండి. గమ్యం దగ్గర బుట్టలో అందరి చెప్పులూ ఉన్నాయో లేవో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఎవరివైనా లేకపోతే, ఆ రోజు మొదటి పని అదే.